కొలతల పుస్తకం

శరణప్ప తను తిన్న పళ్లెం తనే కడిగి బోర్లించిన పొద్దున గిరిజమ్మకు అనుమానం మొదలైంది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ పళ్లెం తిన్నచోటే ఎండిపోయేది, లేదంటే ఆమె తీసేది. ఈ రెండే దానికి తెలిసిన దారులు. అడగకుండా ధర తగ్గించిన సరుకును రెండుసార్లు తిప్పి చూడాలని బట్టల వ్యాపారం ఆమెకు ఎప్పుడో నేర్పింది. ఎక్కడో నీళ్ల మరక ఉంటుంది, లేదా మడతలో ఎలుక కొట్టి ఉంటుంది. ఆమె పొయ్యి తుడుస్తూ ఎదురుచూసింది. ఎక్కువసేపు పట్టలేదు. శరణప్ప తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, "దుకాణంల కొలతల పుస్తకం ఉంటది గదా, అది జర రామ్‌కిషన్‌కు ఇయ్యాలె. పదకొండింటికి వస్తడు" అన్నాడు. పళ్లెం ఎందుకు కడిగాడో అప్పుడు అర్థమైంది. ఆ పుస్తకం ఎందుకో మాత్రం కాలేదు.

జహీరాబాద్ బస్టాండు వెనక సందులో ఉన్న వాళ్ల మ్యాచింగ్ సెంటర్ బోర్డు మీద శరణప్ప పేరుంది. బోర్డు కింద కుర్చీలో అతనే కూర్చుంటాడు. నిచ్చెన ఎక్కి పై అరలోంచి అస్తరు గుడ్డ తీసేది గిరిజమ్మ. చీర కొంగు చూసి, అది పండు మిరప ఎరుపా, దానిమ్మ ఎరుపా అని ఎండలోకి తీసుకుపోయి తేల్చేదీ ఆమే. కొత్త అస్తరు, ఫాల్ కుట్టక ముందే ముడుచుకోవాలని బకెట్లో నానబెట్టి, పిండి, వెనక తీగ మీద ఆరేసేదీ ఆమే. ఎవరైనా అడిగితే శరణప్ప "మా ఇంటామె జర సాయం చేస్తది" అనేవాడు. అత్త నీలమ్మ బతికున్నన్నాళ్లూ, మగవాడు గల్లా దగ్గర కూర్చుంటేనే అది దుకాణమనీ, లేకపోతే గుడ్డల మూట అనీ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఈ మాటలన్నీ గిరిజమ్మ విన్నది. తూకం వేసి పక్కన పెట్టుకుంది, అంతే.

దుకాణం అరుగు మీద పన్నెండేళ్లుగా తాజ్ బేగం కుట్టు మిషను ఉంది. కొలతలు ఆమె తీసుకుంటుంది, గిరిజమ్మ రాస్తుంది. తాజ్ బేగానికి ఉర్దూ తప్ప రాయడం రాదు. ఛాతి, నడుము, చంక, చేతి పొడవు. పైన పేరు, వీధి, ఫోను నంబరు, ఏ తారీఖుకు కావాలో, ఏ పనికో. ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఆ పుస్తకంలో ఉన్నారు. ఇన్నేళ్లలో శరణప్ప దాన్ని ఒక్కసారి తెరిచి చూడలేదు. అది ఆడవాళ్ల గోల అనేవాడు.

రామ్‌కిషన్ చెప్పినట్టే పదకొండింటికి వచ్చాడు. అగరుబత్తుల హోల్‌సేల్ అతనిది. పోయిన ఏడాది నుంచి ఊళ్లో ఒక కమిటీ పెట్టుకుని, ఎవరు ఎవరి దగ్గర కొంటున్నారో, ఎవరి పిల్ల ఎవరి బండి ఎక్కిందో లెక్కలు తీస్తున్నాడు. నెల కింద తాజ్ బేగం మిషనును అరుగు మీంచి దింపమని శరణప్పకు చెప్పింది కూడా అతనే. అప్పుడు గిరిజమ్మ పెళ్లిళ్ల సీజన్ పోనిమ్మని దాటేసింది. ఈసారి అతను పేడాల డబ్బా తెచ్చాడు. ఆమె ఆ డబ్బాను కూడా తిప్పి చూసింది.

మన ఆడబిడ్డల భద్రత కోసం ఒక సభ పెడుతున్నారట. అందరికీ ఫోన్లు చేసి పిలవాలట. అందుకే పుస్తకం.

"పిలిచెటందుకు నంబరు చాలు గద తమ్మీ. ఇండ్లు ఎందుకు? తారీఖులు ఎందుకు?"

"మొత్తం ఉంటే మంచిది గద వదినా. రేపే తెచ్చిస్త."

"ఇందుల మీ ఇంటామె ఛాతి కొలత గూడ ఉన్నది. నలుగురు మగోళ్లు కూసొని చదువుతరా?"

రామ్‌కిషన్ ముఖం చిన్నబోయింది. శరణప్ప దగ్గి, అవతల సందులోకి చూశాడు. తాజ్ బేగం మిషను ఒక్క క్షణం ఆగి మళ్లీ నడిచింది. తన భార్య కొలత పరువు, పక్కింటామె కొలత పుస్తకం. ఈ మగవాళ్ల తక్కెడ ఎటు మొగ్గుతుందో ఆమెకు తెలుసు కాబట్టే ఆ రాయి వేసింది. కానీ లేచి పోతూ అతను మామూలుగా అన్నట్టు ఒక మాట వదిలాడు. "ఆ న్యాల్‌కల్ నర్సు పిల్ల గూడ మీ తాననే కుట్టిచ్చుకుంటదంట గదా?"

సరుకులో మరక ఎక్కడుందో అప్పుడు కనబడింది.

ఆ పిల్ల పేరు ప్రవీణ. నదీం అనే అబ్బాయిని పెళ్లి చేసుకుంటానని సంగారెడ్డిలో దరఖాస్తు పెడితే, రిజిస్ట్రారు ఆఫీసు గోడకు నోటీసు అంటించారు. దాన్ని ఎవరో ఫోటో తీసి ఊరంతా పంచారు. అప్పటి నుంచి ఆమె హాస్టలు వదిలి ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. గిరిజమ్మకు తెలుసు. చిరాగ్‌పల్లిలో పాలకేంద్రం వెనక గది. జాకెట్టు పద్నాలుగో తారీఖుకు కావాలి. పనికి ఎదురుగా 'రిజిస్టర్ పెళ్లి' అని తన చేత్తోనే రాసింది. పద్నాలుగుకు ఇంకా మూడు రోజులున్నాయి.

రామ్‌కిషన్ను పంపి వచ్చిన శరణప్ప చేతిలో కొత్త నోటుబుక్కు ఉంది. కొలతలు వద్దన్నాడు. పేర్లు, వీధులు, నంబర్లు, తారీఖులు ఎక్కించి సాయంత్రానికి ఇవ్వమన్నాడు. "నీ రాత ముత్యాలోలె ఉంటది" అని కూడా అన్నాడు. ఆమె రాతను అతను మెచ్చుకోవడం అదే మొదలు. అన్నం తినడానికి ఇంటికి పోయాడు.

గిరిజమ్మ పెన్ను తీసింది. కింద పెట్టింది. ఫాల్స్ చుట్టివ్వడానికి కొన్న చిత్తు కాగితాల కట్ట పక్కనే ఉంది. చుట్టే ముందు చదవడం ఆమె అలవాటు. పోయిన వారం ఏదో చరిత్ర పుస్తకంలోంచి ఒక చిరిగిన పేజీ దొరికింది. ఇటలీలో ఫాసిస్టుల కాలంలో ఆడవాళ్లు సైకిళ్ల మీద, కూరగాయల బుట్టల అడుగున ఉత్తరాలు మోశారట. సిపాయిలు మగవాళ్లను తడిమి చూసి, వీళ్లను పోనిచ్చేవాళ్లట. ఆడవాళ్లకు ఏం తెలుసులే అని. కొందరు దొరికిపోయారని ఉంది. ఆ తర్వాత ఏమైందో చిరిగిన భాగంలో పోయింది. ఆ రోజు ఆమెకు దాని అడుగున ఉన్న సంగతి తట్టలేదు, ఇప్పుడు తట్టింది. సిపాయిల చేతిలో పేర్ల పట్టీలు ఉండి ఉంటాయి కదా. వాటిని ఎవరు రాశారు? పేర్లు చదివేవాడు కేకలు వేస్తాడు, తలుపులు బాదుతాడు. అంతకు ముందు ఎక్కడో ఒక మనిషి బుద్ధిగా కూర్చుని, ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసి ఉంటుంది. ఇంట్లోవాళ్లు చెప్పిన పనే కదా అనుకుని ఉంటుంది. తను కూడా అంట్లు తోమినట్టు, గుడ్డలు పిండినట్టు దీన్ని కూడా చేసేస్తుందని శరణప్ప లెక్క. ఆ లెక్కలో తప్పేం లేదు. ఇరవై రెండేళ్లు ఆమే దాన్ని నిజం చేస్తూ వచ్చింది.

మరి ప్రవీణ ఇక్కడ కుట్టించుకుంటుందని రామ్‌కిషన్‌కు ఎవరు చెప్పారు? ఆమె చూపు తాజ్ బేగం వీపు మీద పడింది. మిషను తీసేస్తామంటే భయపడి చెప్పిందా? పన్నెండేళ్లు పక్కనే కూర్చున్న మనిషిని అట్లా తూచినందుకు సిగ్గేసింది, కానీ తూచింది. సరిగ్గా అప్పుడే తాజ్ బేగం తల తిప్పింది. ఆమె కళ్లు గిరిజమ్మ ముఖం మీద లేవు, కొత్త నోటుబుక్కు మీద ఉన్నాయి.

"రాసిస్తవా అక్కా?"

"నువ్వు చెప్పినవేమో అనుకున్న."

"నువ్వు ఇస్తవేమోనని నేను బుగులు పడ్డ" అంది తాజ్ బేగం. ఇద్దరూ నవ్వలేదు.

ఇంత దూరం తెచ్చారు మనల్ని అనుకుంది గిరిజమ్మ. ఆమె ప్రవీణ పేజీ తీసి, నంబరు చూసి ఫోను చేసింది. దుకాణానికి రావద్దు, ఈ పూటే గది మారు, కొత్త గది ఎక్కడో నాకు చెప్పకు, తాజ్‌కు చెప్పు, జాకెట్టు ఆమె తెచ్చిస్తది. ఆ పిల్ల ఎందుకని అడగలేదు. సరే ఆంటీ అంది. ఆ గొంతులో కూడా కొంచెం అనుమానం వినిపించింది. ఉండాల్సిందే అనుకుంది గిరిజమ్మ.

తర్వాత పుస్తకాన్ని అస్తరు గుడ్డల బకెట్లో ముంచింది. జెల్ పెన్ను రాత. నీళ్లు మొదట లేత నీలమయ్యాయి, తర్వాత ముదురు. పేజీలు విడదీసి, మరక పట్టిన గుడ్డను రుద్దినట్టు రెండు చేతులతో రుద్దింది. పేర్లు పోయాయి, వీధులు పోయాయి. వ్యాపారం తెలిసిన ఆమె ఏం పోగొడుతున్నదో తెలిసే రుద్దింది. పెళ్లిళ్ల సీజన్‌లో ఇది చెయ్యి నరుక్కోవడమే.

"పన్నెండేండ్ల కొలతలు" అంది తాజ్ బేగం మెల్లగా.

"ఆది జాకెట్టు తెచ్చుకుంటరు. దాన్ని చూసి కుట్టు. ఇగ పేర్లు రాసేది లేదు."

నాలుగింటికి శరణప్ప వచ్చాడు. నోటుబుక్కు తెల్లగా ఉంది. తీగ మీద అస్తరు గుడ్డల మధ్య కాగితం ముద్ద ఆరుతున్నది. అస్తర్లతో పాటు నీళ్లల్ల పడ్డదని చెప్పింది. అతను ఆ ముద్దను చూశాడు, ఆమె చేతులను చూశాడు. వేళ్లు నీలంగా ఉన్నాయి. కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, పొద్దున పళ్లెం కడిగినప్పటి మెత్తని గొంతుతో అన్నాడు.

"పోతే పోయింది గిరిజా. ఆ నర్సు పిల్ల యాడ ఉంటదో అదొక్కటి చెప్పు. నీకు యాదికుంటది."

ఏ చీరకు ఏ అంచు వేశారో, ఎవరి కూతురి రంగు ఏ నీలమో పదేళ్ల తర్వాతైనా మరిచిపోని మనిషి ఆమె అని అతనికి తెలుసు. అతనికి తెలుసునని ఆమెకూ తెలుసు. గిరిజమ్మ నిచ్చెన మీద కాలు పెట్టి, అతని కళ్లలోకి చూసి, "ఏ పిల్ల?" అంది.