బీల గట్టు

ఇసుకదిబ్బకు గండి కొట్టిన రోజున మేమందరం అక్కడే ఉన్నాం. నిలబడి చూశాం. ఆ మాట ముందే ఒప్పుకోవాలి.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కనే మా బీల. బీలంటే ఏడాది పొడుగునా నీళ్లు నిలిచే లోతట్టు నేల. తరాల తరబడి కుళ్లిన తుంగే అడుగున నల్లమట్టి అయింది. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దిగేవి. బీల అంచున మా ఊళ్లో తుంగ కోసి చాపలల్లేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు బతికేవారు. ఎగువనున్న ఇంకో ఊరి రైతులు ఆ చెమ్మ మీదే వరి పండించేవారు. సర్కారు కాగితాల్లో మాత్రం అది బంజరు. ఆ బంజరుకు భూస్వామి నరసింగరావు పట్టా పుట్టించుకున్నాడు.

అరవై ఏడు మాఘమాసంలో దిబ్బను కోయించి నీళ్లను సముద్రంలోకి వదిలేశాడు. మూడు రోజులు పారాయి. చేపలు బురదలో కొట్టుకుని చచ్చాయి. పక్షులు ఒక పూట పైన తిరిగి వెళ్లిపోయాయి. ఆ బీల తుంగతోనే నలుగురు బిడ్డల్ని పెంచిన కూర్మమ్మ, నడుంలోతు నీళ్లుండే చోట కొడవలి పట్టుకుని ఊరకే నిలబడింది.

రైతులు సంతోషించారు. నేల కౌలుకిస్తానని నరసింగరావు వాళ్లకు ఆశ పెట్టాడు. రైతుల్లో పెద్ద జగన్నాధం, చేపలు పట్టే దాలయ్యను చూసి నవ్వాడు.

"ఎన్నాళ్లురా ఈ బురదలో దేవులాట? ఇక్కడ వరి పండుతాది. మీరూ కూలికొద్దురు."

దాలయ్య ఖాళీ వల మడిచి భుజాన వేసుకున్నాడు.

వరి పండలేదు. పోటు వచ్చినప్పుడల్లా సముద్రం అదే గండిలోంచి లోపలికి వచ్చింది. నూతులు ఉప్పెక్కాయి. నారుమళ్లు మాడాయి. వేసవిలో, ఉప్పునీరు చేరని మెరక వైపు ఎండిన నల్లమట్టికి నిప్పంటుకుంది. ఆ నిప్పు పైకి కనపడదు, లోలోపల పాకుతుంది. నెల్లాళ్లు రెండూళ్లూ పొగలో దగ్గాయి. ఒక మధ్యాహ్నం జగన్నాధం ఎద్దు మేస్తూ మేస్తూ కూలిన నేలలో దిగబడింది. మోకాళ్ల దాకా కాళ్లు కాలిపోయాయి. దాని అరుపు విని పరిగెత్తుకొచ్చి తాళ్లేసి లాగినవాడు దాలయ్యే. పొద్దుగూకేసరికి ఎద్దు చచ్చిపోయింది.

రెండూళ్లవాళ్లూ కలిసి తాసీల్దారు దగ్గరకు వెళ్లారు. రికార్డులో బీలన్నదే లేదు, లేనిదాన్ని పాడుచేశారంటే ఎలా అన్నాడాయన.

ఆ మర్నాడే దిబ్బ మీద మీటింగు పెట్టుకున్నాం. మీటింగంటే సగం తిట్లే. రైతులతో కలిసేది లేదని చాపలల్లే ఆడవాళ్లు లేచిపోబోయారు. జగన్నాధం తలెత్తలేదు. తనది తప్పేనని, ఏ శిక్ష వేసినా పడతానని అన్నాడు. కూర్మమ్మ అతని ముందుకొచ్చి నిలబడింది.

"నీ ఎద్దు సచ్చినాక నీకు కల్లు తెరుసుకున్నాయి. మా కూడు పోయినప్పుడు నువ్వు నవ్వినావు. అది మరిసిపోం. గాని గండి పూడ్సాలంటే నీ బల్లు కావాల, మా సేతులు కావాల. తోలుకురా."

పట్టపగలే పూడ్చాం. సముద్రం వెనక్కి తగ్గి ఆటు ఎప్పుడు తీస్తుందో దాలయ్య చెప్పేవాడు, ఆ వ్యవధిలోనే తాటిమొద్దులు దించి, మొగలి మోపులు కుక్కి, బంకమట్టి కొట్టేవాళ్లం. రెండుసార్లు కోసుకుపోయింది. మూడోసారి నిలిచింది. వానలకు నీళ్లు చేరాయి. భూమిలో నిప్పు చల్లారింది. కార్తీకానికి తుంగ చిగిర్చింది, నాలుగు పక్షులు కూడా దిగాయి.

అప్పుడు, తన పట్టా నేలలో గట్టు వేశారని నరసింగరావు పోలీసుల్ని దింపాడు. గట్టు మీద కాపలా కూర్చున్నవాళ్లను కూర్చున్నట్టే కొట్టారు. తల పగిలి దాలయ్య నీళ్లలో పడ్డాడు. మేము బయటికి తీసేసరికే ప్రాణం లేదు. తాగి మునిగిపోయాడని రిపోర్టు రాశారు. మా ఊళ్లో తాగనివాడు అతనొక్కడే.

పన్నెండుగురిని పట్టుకుపోయారు. స్టేషన్లో నాయకుడెవరని ఇన్‌స్పెక్టరు కూర్మమ్మ చెంప మీద కొట్టి అడిగాడు.

"నీలు నిలవాలని అందరికీ ఉన్నాది బాబూ," అందామె. "ఎవల పేరు రాసుకుంతావు?"

గట్టు తెగ్గొట్టడానికి చుట్టుపక్కల ఒక్కడూ పార పట్టలేదు. నరసింగరావు చీపురుపల్లి వైపు నుంచి లారీలో నలభైమంది కూలీల్ని తెప్పించాడు. సర్కారు కాలవ పనని వాళ్లకు చెప్పాడు. వాళ్లు దిగేసరికి దాలయ్య భార్య మరిడమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ఎందుకు కూర్చున్నావని మేస్త్రీ ఎల్లాజీ అడిగాడు. ఆమె ఏడవకుండా అంతా చెప్పింది. ఉప్పు నూతుల గురించి, పొగ గురించి, మొగుడు పడిన చోటు గురించి.

ఎల్లాజీ పార కింద పెట్టాడు.

"మాం కూలోల్లం. ఇది కూలిపని కాదు," అన్నాడు, పని చూడ్డానికి వచ్చిన నరసింగరావుతో.

నలభైమందీ పారలు దించారు. పోలీసులు వాళ్లనూ కొట్టి లారీ ఎక్కించారు. చివరికి కానిస్టేబుళ్లే చొక్కాలు విప్పి గట్టు తవ్వారు. మరిడమ్మను ఈడ్చి అవతల పడేశారు. మళ్లీ ఉప్పునీరు లోపలికి వచ్చింది. తుంగ చిగుళ్లు మా కళ్ల ముందే మునిగిపోయాయి.

మూడో రోజు ఆటు తీసే వేళకు రెండూళ్ల బళ్లూ మొద్దులతో దిబ్బ చేరాయి. మావాళ్లు పన్నెండుగురూ జైల్లోనే ఉన్నారు. పోలీసులు దిబ్బ మీదే ఉన్నారు. అయినా దిగాం. ఇంతలో రోడ్డు వైపు నుంచి కొందరు నడిచి వస్తూ కనిపించారు. వీపులు వాచి ఉన్నాయి. ముందు ఎల్లాజీ, వెనక అతని కూలీలు పదహారుమంది.

తట్టలెక్కడున్నాయని అడిగి, నీళ్లలోకి దిగారు.