ఎడమకాలి బూటు

...అయినా రోగమైతే ముందు నొప్పి పుట్టాలి గదా. పంటికి వస్తే పన్ను చెబుతుంది, కడుపుకు వస్తే కడుపు చెబుతుంది. ఏమీ చెప్పకుండా తన మానాన తానున్న పాదాన్ని పట్టుకొని రోగమనడం అన్యాయం. నబీ సాహెబ్ తనకు తానే వకీలై, తానే జడ్జీ అయి, కడప ఆసుపత్రి వసారాలో బల్ల మీద కూర్చొని వాదించుకుంటున్నాడు. ప్రతిసారీ కేసు గెలుస్తున్నాడు. గెలిచిన ప్రతిసారీ చూపు మాత్రం ఎడమకాలి బూటు మీదికి జారుతోంది.

బూట్లు కొత్తవి. కుడికాలిది పొద్దుటినుంచీ మడమను ఒరుస్తూనే ఉంది. రైలు దిగి ఇంత దూరం నడిచేసరికి బొబ్బ లేచింది. ఎడమది సుఖంగా ఉంది. రెండు బూట్లూ ఒకే తోలు, ఒకే కుట్టు. సుఖం ఒక్క కాలికే ఎందుకు దొరికిందో ఆలోచించకూడదని అతను గట్టిగా అనుకున్నాడు. అనుకొని, మళ్లీ అదే ఆలోచించాడు.

లోపలున్న డాక్టరు ఒక చీటీ రాసిస్తే చాలు. పర్షియా దేశంలో అబాదాన్ అనే చోట నూనె కంపెనీకి కిరసనాయిలు డబ్బాలు అతికే పనివాళ్లు కావాలి. పెద్ద యుద్ధంలో బస్రాకు పోయి, అటునుంచి అబాదాన్ చేరి అక్కడే నిలిచిపోయిన పినతండ్రి కొడుకు అల్లా బాషా ఇతని పేరు చెప్పాడు. బొంబాయి ఏజెంటు పని ఖాయం చేశాడు. పోలీసు విచారణ అయింది, ఫోటో అయింది. ఒళ్లు బాగుందని డాక్టరు సంతకం పెడితే కలెక్టరాఫీసు కాగితాలు పైకి పంపుతుంది, పాస్‌పోర్టు వస్తుంది, బొంబాయిలో పర్షియావాళ్లు దాని మీద ముద్ర వేస్తారు. ఆ తరువాత ఓడ. సంతకం లేకపోతే కమలాపురం, ఆరిపోతున్న కొలిమి.

కళాయి పనికి రోజులు చెల్లాయి. ఊళ్లో ఇంటింటా సత్తు గిన్నెలు వచ్చాయి. వాటికి తగరం పూత అక్కర్లేదు. పెళ్లి గంగాళాలు మాత్రం ఇంకా అతని దగ్గరికే వస్తాయి. గంగాళంలో ఇసుక పోసి, లోపలికి దిగి, గోడకు చేతులానించి, నడుము తిప్పుతూ పాదాలతో చిలుం వదిలేదాకా తోమాలి. తండ్రీ అలాగే తోమాడు, తాతా అలాగే తోమాడు. అరికాళ్లు మొద్దుబారకపోతే కళాయివాడే కాదని తాత అనేవాడు. నబీ సాహెబ్ వాదనకు మొదటి సాక్షి తాత.

రెండో సాక్షి పీరు.

మొన్నటి పీర్ల పండగలో తెల్లవారుజామున పీరునెత్తుకొని నిప్పుల గుండంలో నడిచినప్పుడు అతని ఎడమపాదానికి నిప్పు తెలియలేదు. ఏటేటా నడుస్తున్నవాడే. ఏటేటా తెలిసేది, పళ్లు బిగబట్టి, పీరయ్య పేరు తలుచుకొని దాటేవాడు. ఈసారి కుడికాలు వేసినప్పుడు నిప్పు, ఎడమకాలు వేసినప్పుడు చల్లని నేల. ఆ వింతకు నడి గుండంలో నిలబడిపోయాడు. ఒంటికాలి మీద, ఎడమకాలి మీద. జనం అరుపులు ఆగిపోయాయి. తరువాత ఒక్కసారిగా అందరూ కాళ్ల మీద పడ్డారు. కంబన్న లాంటి మోతుబరి కూడా ఊదీ పెట్టమని నుదురు వంచాడు.

అప్పుడు అతనికి కలిగింది ఆనందమేనా? ఆ రోజు ఆనందమే అనుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే, ఎవరో తన ఇంట్లోకి వచ్చి ఒక గది తలుపు లోపలినుంచి గడియ వేసుకున్నట్టుగా ఉంది. బయట చుట్టాలంతా ఆ తలుపుకు పూలదండలు వేస్తున్నారు.

"ఏమప్పా నబీ సాయబూ! నువ్వేంది ఈడ?"

తలెత్తి చూశాడు. సుంకులమ్మ. వాళ్ల వీధి చివర ఉండే ముసలమ్మ. చంకలో మనవరాలు జ్వరంతో తల వాల్చేసింది.

"చీటీ కోసం వచ్చినా, పెద్దమ్మా. పరదేశం పోవల్ల."

"నువ్వు పోతే మాకెవురప్పా దిక్కు? పీరయ్య పోయినట్టే గదా." ఆమె పక్కనే చతికిలబడింది. "ఈ బిడ్డ మూడు దినాల్నుంచి కండ్లు తెరవల్యా. ఈడ ఏందో ఎర్ర నీళ్లు పోస్తాండారు. అవెందుకు, నువ్వు ఎదురైనావు సాలు. ఆ పాదం ఒక్కసారి దీని తలకు తాకించు నాయనా."

"ఆసుపత్రిలో అట్లాంటివి వద్దు, పెద్దమ్మా."

"ఎందుకప్పా బిగుసుకుంటావు? బూట్లేసుకున్యావని దొరవైపోతివా?"

"అట్ల కాదు..."

"ఇప్పద్దులే. నాకు దుమ్ము సాలు." ఆమె వంగి ఎడమకాలి బూటు మీది దుమ్మును వేలికి అద్దుకొని బిడ్డ నుదుటికి రాసింది. మిగిలింది బిడ్డ నాలుకకు తాకించింది. అతను ఆపలేదు. చెయ్యి కదలబోయి బల్ల అంచు పట్టుకుంది. బిడ్డ నాలుక బయటికి వచ్చి, ఆ దుమ్మును చప్పరించి, లోపలికి పోయింది.

బూటు మీది దుమ్ముదేముంది, అది రోడ్డు మీది దుమ్ము. ఈ వాదన కూడా గెలిచాడు. కానీ ఎడమకాలిని బల్ల కిందికి లాక్కున్నాడు.

మూడో సాక్షిని అతను ఎప్పుడూ బోనెక్కించడు. మూడో సాక్షి భార్య మదార్ బీ.

పండగైన తరువాత ఒక సాయంత్రం అతని ఎడమపాదంలో తుమ్మముల్లు విరిగింది. దీపం పెట్టకముందు వాకిట్లో కూర్చొని ఆమె సూదితో తీస్తోంది. అతను అబాదాన్ గురించి చెబుతున్నాడు. ఓడ ఎంత ఉంటుందో, అక్కడ అల్లా బాషా గదిలోనే తానూ ఎలా ఉండబోతున్నాడో, ఇద్దరూ చిన్నప్పటిలా ఒకే పళ్లెంలో ఎలా తినబోతున్నారో. చెబుతూ చెబుతూ కిందికి చూశాడు. సూది సగం లోపలుంది. ఆమె చెయ్యి దాన్ని వదిలేసి గాలిలో ఆగిపోయి ఉంది. ఆమె అతని మొహంలోకి చూస్తోంది. ఎంతసేపటినుంచి చూస్తోందో తెలియదు.

ఆమె సూది తీసి పొయ్యిలో పారేసింది. మంచి సూది. తరువాత చేతులు చాలాసేపు కడుక్కుంది. ఆ వారం సంతలో ఈ బూట్లు కొనుక్కొచ్చి అతని ముందు పెట్టి, "ఏసుకో. ఓడ ఎక్కేదాకా ఎవురి ముందరా ఇప్పద్దు," అంది. అప్పటినుంచి పిల్లలను తన పక్కన పడుకోబెట్టుకుంటోంది. అతని పళ్లెం వేరే గూటికి మారింది. ఎందుకని అతను అడగలేదు. అడిగితే ఆమె చెబుతుంది. చెబితే అది ఊరి అవతల శివన్న గుడిసె పేరే అవుతుంది.

శివన్న ఒకప్పుడు ఊళ్లో పేరున్న నేతగాడు. అరికాళ్లు మొద్దుబారి, పెద్దరోగం, అదే కుష్ఠు, వచ్చిందని తెలిసిన రోజున పాపాఘ్ని ఏటి ఒడ్డున గుడిసె వేసి అతన్ని అక్కడుంచారు. రోజూ ఎవరో ఒకరు సంగటి ముద్ద తెచ్చి బండ మీద పెట్టి, కేకేసి, అతను బయటికి రాకముందే వెళ్లిపోతారు. ఆ కేక నబీ సాహెబ్ కూడా వేశాడు. వేసి, పరుగెత్తకుండా వేగంగా నడిచాడు.

"నబీ సాహెబ్!"

లోపలినుంచి పిలిచినవాడు కాంపౌండరు ఏసన్న. అతనిదీ కమలాపురమే. మిషనువాళ్లు చదివించారు. ఆదివారం తప్పకుండా చర్చికి పోతాడు, పండగ రోజున తప్పకుండా గుండం దగ్గరికీ వస్తాడు. ఇతన్ని చూడగానే రెండు చేతులూ జోడించాడు.

డాక్టరు మద్రాసునుంచి వచ్చినవాడు, అలసిపోయిన మనిషి. కనురెప్పలు ఎత్తి చూశాడు, నాలుక చూశాడు, గుండె మీద గొట్టం పెట్టి విన్నాడు, చేతులు ముందుకూ వెనక్కూ తిప్పి చూశాడు. వేళ్ల మీది పాత కాలిన మచ్చలు చూసి, "ఇవేమిటి?" అన్నాడు.

"కళాయి పని సార్. తగరం చింది పడతాది."

"నొప్పి తెలిసిందా?"

"తెలవకుండా ఎట్లుంటాది సార్, ఎగిరి గంతేసినా."

డాక్టరు నవ్వి కాగితం ముందుకు లాక్కున్నాడు. అంతే. ఇంత సులభమా? ఆ క్షణంలో నబీ సాహెబ్‌కు ఓడ కనిపించింది, దాని పొగ కూడా.

"సార్, ఈయన సామాన్యుడు కాడు," అన్నాడు ఏసన్న. వెలుగుతున్న మొహంతో, ఆపుకోలేక. "మా ఊర్లో అందరం కండ్లారా చూసినాము. గుండంలో ఒంటికాలి మీద నిలబన్యాడు. అదీ నిప్పుల్లో! అరికాలికి ఏమీ కాల్యా. నేను ఏసు బిడ్డనే సార్, అయినా పీరయ్య పీరయ్యే."

డాక్టరు కలం ఆగింది. అతని అలసట ఎటో పోయింది. చాలా నెమ్మదిగా, "కాలలేదా, నొప్పి తెలియలేదా?" అన్నాడు.

ఏసన్నకు ఆ రెంటికీ తేడా ఉందని తట్టలేదు. "రెండూ సార్!" అన్నాడు గర్వంగా.

"బూటు విప్పు."

ఏ బూటో చెప్పలేదు. నబీ సాహెబ్ వంగి కుడికాలిది విప్పాడు. తాను ఆలోచించలేదు, చెయ్యే ఆలోచించింది. మడమ మీద బొబ్బ చితికి తడిగా ఉంది. డాక్టరు కళ్లు మూసుకోమన్నాడు. సూది గుచ్చుకున్నచోటల్లా నబీ సాహెబ్ "అబ్బా" అన్నాడు. అన్నీ నిజమైన అబ్బాలే.

"ఏమయ్యా ఏసన్నా, మీ పీరును ఈయన ఊళ్లోనే వదిలేసినట్టున్నాడే! కడపలో సూదికే కేకలు పెడుతున్నాడు," అన్నాడు డాక్టరు. మొహం మళ్లీ అలసిపోయింది. ఏసన్న చిన్నబోయి, "గుండంలో ఉన్నప్పుడే సార్ అట్ల," అని గొణిగాడు.

డాక్టరు కలాన్ని సిరాలో ముంచాడు.

కిటికీ అవతల వసారాలో సుంకులమ్మ మనవరాలు ఏడవడం మొదలుపెట్టింది. "కండ్లు తెరిసింది! సాయబు పాదధూళి!" అని ముసలమ్మ ఎవరికో చెబుతోంది. "ఊరికి పోయినంక అందరి బిడ్డల్నీ తోలుకొస్తా ఈయన కాడికి."

అందరి బిడ్డలూ. అబాదాన్‌లో అయితే బిడ్డలుండరు. అక్కడ అల్లా బాషా ఉంటాడు. పళ్లెంలో ఒక వైపు అల్లా బాషా వేళ్లు, మరో వైపు తనవి, మధ్యలో అన్నం. ఈ పాదం అప్పటికీ ఏమీ చెప్పదు. బూటు లోపల అది చల్లగా, ఓపికగా, ఇంత వాదననూ విని ఏ పక్షమూ పట్టకుండా కూర్చొని ఉంది. వకీలు మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు: నోరు మూసుకో, కలం ముందుకు పోనీ, ఒక్క గీత, ఒక్క గీత చాలు.

కలం కాగితాన్ని తాకింది.

నబీ సాహెబ్ వంగి, ఎడమకాలి బూటు తాడు లాగి ముడి విప్పాడు.