పెదవుల మీది పద్యాలు

మూకీ సినిమాల్లో కథానాయిక వేషాలు కట్టే ఆ అమ్మాయికి అక్కంటే ప్రాణం. అక్కకు చిన్నతనంలోనే జ్వరం వచ్చి చెవులు పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేస్తుంది. చెల్లెలి మొదటి సినిమాలో రాజు చనిపోయే చోట హాలంతా కళ్లొత్తుకుంటుంటే, అక్క ఒక్కతే పకపకా నవ్వింది.

"మొగుడు చచ్చి పడుంటే, కిరీటం గుచ్చుకుంటోందంటావేంటే?" అని ఇంటికొచ్చాక అడిగింది.

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది.

తర్వాతి సినిమా ఒక పాత కావ్యం. యుద్ధభూమిలో భర్త శవం దొరికిన రాణి పన్నెండు పద్యాల్లో విలపిస్తుంది. దర్శకుడు వాటన్నిటినీ "అయ్యో నాథా!" అని ఒక్క అట్టలోకి కుదించాడు. మాటల బదులు తెర మీద చూపే ఆ అట్టలు రాసే ముసలాయనకది మింగుడుపడలేదు.

"నాకు నేర్పండి తాతగారూ" అంది చెల్లెలు. చదువు అంతంతమాత్రం, విని బట్టీ పట్టాల్సిందే. భోజనాల వేళ ఆయన పద్యం చెప్పేవాడు. ఇంటికెళ్లి అక్క ఎదుట నిలబడి అప్పజెప్పేది.

"ఆ మాట మింగేశావు. మళ్లీ చెప్పు." అక్క ఓ పట్టాన వదిలేది కాదు.

షూటింగ్ నాడు మూడో పద్యానికే దర్శకుడు కేకేశాడు. "ఆపమ్మా! ఏడవమంటే పురాణం విప్పుతావేంటి? ఎవరికి వినిపిస్తుందని?"

"వినిపించక్కర్లేదండీ, కనిపిస్తే చాలు. పన్నెండూ చెప్పనివ్వండి. లేదంటే ఈ వేషం ఇంకెవరికైనా ఇచ్చుకోండి."

శవమై పడున్న రాజు ఒక కన్ను తెరిచి, "కానివ్వండి సార్, చీమలు కుడుతున్నాయి" అన్నాడు. దర్శకుడు గొణుగుతూనే తలూపాడు.

విడుదల రోజు అక్కాచెల్లెళ్లు ముందు వరసల్లో, ఒక స్తంభం పక్కన కూర్చున్నారు. రాణి పెదవులు కదలగానే అక్క తనకు తెలియకుండానే పద్యం పైకి చెప్పసాగింది. ఎత్తుపల్లాలు లేని మొరటు గొంతు. వెనకెవరో "ష్" అన్నారు. ఆపబోయిన చెల్లెలు చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండో పద్యానికి తెర పక్కన వాయిస్తున్న వయొలిన్ ఆగింది. పన్నెండోది ముగిసేసరికి, ష్ అన్న మనిషే కళ్లొత్తుకుంటున్నాడు.

బయటికి రాగానే దర్శకుడు అక్క ఎదుటికొచ్చి, నిదానంగా పెదవులు కదుపుతూ, "రేపటి ఆటక్కూడా రావాలమ్మా" అన్నాడు.

"వస్తాను. స్తంభం అడ్డులేని సీటివ్వండి" అంది అక్క.

వారం తిరిగేసరికి, ఆ ఘట్టం రాగానే వయొలిన్ దించి ఒళ్లో పెట్టుకోవడం వాద్యకారుడికి అలవాటైపోయింది.