ట్రక్కు వెనక మూడో ప్రాణం

మా ఆయన శ్యామ్‌సుందర్‌కి అరవై ఒకటో ఏట వేటకుక్కల పిచ్చి పట్టింది. వేట అనగానే కంగారు పడకండి. ఆ మనిషి బొద్దింక కనిపిస్తే కాగితం మీదకి ఎక్కించి, తోటలో దింపి వస్తాడు. తుపాకీ ముట్టుకోడు. పొదలో పిట్ట ఎక్కడ దాక్కుందో వాసన పట్టి, ఒక కాలు పైకెత్తి, కదలకుండా నిలబడి చూపించే జాతి కుక్కలని రెండింటిని తెచ్చుకున్నాడు. వాటికి పరీక్షలుంటాయట, పాసైతే సర్టిఫికెట్లు ఇస్తారట. ఈయన పక్కన నిలబడి గర్వపడతాడు.

పెద్దదాని పేరు వీరన్న, ఏడేళ్ళు. చిన్నది బుజ్జి, రెండేళ్ళ ఆడపిల్ల. మేముండే షాంటిలీ ఊళ్ళో మా వీధి వీధంతా మెరిసే కార్లుంటే మా ఇంటి ముందు మాత్రం ట్రక్కు. కూరగాయలకి వెళ్ళినా నేను పొలానికి ఎరువు తోలుతున్నట్టే ఉంటుంది. ట్రక్కు వెనక తొట్టి, ఆ తొట్టి మీద కిటికీలున్న గట్టి మూత. దాన్ని టాపర్ అంటారు. కుక్కల ప్రయాణమంతా ఆ టాపర్ కిందే.

ఆ టాపర్ కింద జరిగే మర్యాదలు వింటే మీకూ నాలాగే కడుపు మండుతుంది. అడుగున జారకుండా, కుదుపు తగలకుండా మందపాటి రబ్బరు చాప. దాని మీద రెండు పెట్టెలు, బండి మలుపు తిరిగితే కదలకుండా పట్టీలతో బిగించి. పెట్టెల్లో గోధుమ గడ్డి పరుపు, ప్రతిసారీ కొత్తది. రెండు పక్కలా కిటికీలకి దోమతెర, గాలి ఆడడానికి చిన్న ఫ్యాను. పొగ లోపలికి వస్తే మోగే అలారం. ఒలకని నీళ్ళ గిన్నె. మెడపట్టీ ఎక్కడైనా తగులుకుంటుందని పెట్టె ఎక్కేముందు విప్పేస్తాడు. వీటన్నిటి మీదా మా అమ్మాయి స్మృతి కొనిచ్చిన కెమెరా. వెనక ఏం జరుగుతోందో ముందు స్క్రీన్ మీద కనిపిస్తుంది, వినిపిస్తుంది, బటన్ నొక్కితే ఈయన మాటలు వాటికి వినిపిస్తాయి. డాష్‌బోర్డు మీద అంటించిన జాబితా ఒకటి: వీరన్న, బుజ్జి, రెండు గంటలకోసారి ఆపాలి, నడిపించాలి, నీళ్ళివ్వాలి.

రెండు గంటలకోసారి! నా సంగతి చెప్తాను వినండి. ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం స్మృతి నా కడుపులో ఉంది, ఏడో నెల. సీమంతానికి చీరలని, మనవాళ్ళ కొట్లు వరసగా ఉండే ఐసెలిన్ వెళ్ళాం. తిరిగి వస్తుంటే డెలావేర్ దగ్గర బండి ఆపమని అడిగాను. "మంచి టైమ్‌లో వెళ్తున్నాం రాధా, ఇంకో ఇరవై నిమిషాలు" అన్నాడు. ఆ ఇరవై నిమిషాలు బాల్టిమోర్ దాకా సాగాయి. నేను ఆ రోజు ఏడ్చాను. ఆయనకి గుర్తుండదు. నాకు ఆ దారిలో ప్రతి పచ్చ బోర్డూ గుర్తే.

అప్పటినుంచీ నాకు ఒకటే కోరిక. నేను నోరు తెరిచి అడగకుండా, ఈ మనిషి ఒక్కసారి బండి ఆపి, నీకేమైనా కావాలా అనాలి. వజ్రాల నెక్లెసు వద్దు, యూరప్ టూరు వద్దు. ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో ఆ మాట నాకు దక్కలేదు. ఇప్పుడు అదే మాట రోజూ వింటున్నాను, కుక్కలతో అంటుంటే.

అక్టోబరులో బుజ్జికి మొదటి పరీక్ష వచ్చింది, నార్త్ కరోలినాలో, ఐదారు గంటల దారి. డాడ్‌ని అంత దూరం ఒక్కడినీ పంపకు అని స్మృతి ఫోనులో హుకుం జారీ చేసింది. సరే, నేనూ బయలుదేరాను. ముందు రోజే ఈయన వంటింట్లోకి వచ్చి మరీ చెప్పాడు: బయలుదేరడానికి ఐదు గంటల ముందునుంచీ కుక్కలకి తిండి పెట్టకూడదు, కడుపు నిండా ఉంటే బండిలో తిప్పుతుంది, నీళ్ళు మాత్రం ఇవ్వొచ్చు. నేను విన్నాను. విననట్టు గిన్నెలు కడిగాను.

పొద్దున్నే ఈయన గడ్డి సర్దుతున్నాడు. నేను దారికి పెరుగన్నం కలిపి, అల్లం, కరివేపాకు వేసి తాలింపు పెట్టాను. బుజ్జి గుమ్మంలో కూర్చుని నా మొహంలోకి చూసింది. మీరే చెప్పండి, పరీక్షకి వెళ్ళే పిల్లని పెరుగు తినిపించకుండా ఎవరైనా గడప దాటిస్తారా? స్మృతిని స్కూల్లో స్పెల్లింగ్ పోటీకి కూడా నేను పెరుగు నోట్లో పెట్టకుండా పంపలేదు. ఒక్క ముద్ద శాస్త్రానికి పెడదామనుకున్నాను. రెండో ముద్ద మాత్రం శాస్త్రానికి కాదు, అబద్ధమెందుకు. మొగుడి మీద కోపం. ఐదు గంటల ముందు ఏం తినకూడదో అంత శ్రద్ధగా నా గురించి ఎవరైనా రాసుకున్నారా అని మండి, మూడోదీ నాలుగోదీ పెట్టాను. వీరన్న వాసన చూసి, పద్ధతి గల పెద్దమనిషిలా పక్కకి వెళ్ళిపోయాడు. బుజ్జి గిన్నె నాకి, నా చెయ్యి నాకి, నేల కూడా నాకింది. పైగా నేనే ఎదురొచ్చి దానికి శకునం ఇచ్చాను.

బయలుదేరి అరగంటయిందో లేదో స్క్రీన్ మీద బుజ్జి చొంగ కారుస్తూ కనిపించింది. ఈయన వెంటనే సిగ్నల్ వేశాడు, మొదటి రెస్ట్ ఏరియాలో బండి ఆపేశాడు. నేను అడిగితే బాల్టిమోర్ దాకా ఆగని మనిషి! మేం దిగి టాపర్ వెనక అద్దం ఎత్తేసరికే బుజ్జి వాంతి కానిచ్చేసింది. నేను దొంగకి తేలు కుట్టినట్టు నిలబడి, అయ్యో పాపం, దిష్టి తగిలిందేమో అన్నాను. ఈయన మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెలోకి చాలాసేపు చూశాడు. తడి గడ్డి తీశాడు, పెట్టె కడిగాడు, బుజ్జి మూతి తుడిచాడు, నీళ్ళు పట్టాడు. ఆ ఓపిక చూస్తే నాకు కోపం రెట్టింపయింది.

అప్పుడు నెమ్మదిగా అన్నాడు, "రాధా, పెట్టె తడిగా ఉంది. బుజ్జి ముందు సీట్లో కూర్చుంటుంది, ఏసీ తగిలితే సర్దుకుంటుంది. నువ్వు వెనక సీట్లో అడ్జస్ట్ అవుతావా?"

వెనక సీటంటే సీటు కాదు, సీటు పేరుతో ఒక బల్ల. దాని మీద మా సంచులు, కుక్కల మేత బస్తా, ఈయన బూట్లు. నా సీట్లో బుజ్జిని కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టాడు. పాత గడ్డి పారేయడానికి, చేతులు కడుక్కోవడానికి అటు వెళ్ళాడు. కూరలో కరివేపాకుకైనా కాసేపు కూరలో చోటుంటుంది. నాకు అదీ లేదు.

నేను చేసింది మీరెవ్వరూ చేయకండి, బెల్టు లేని చోట ప్రయాణం తప్పు, స్మృతి నన్ను వారం రోజులు తిట్టింది. కానీ ఆ క్షణాన నాకు తప్పూ ఒప్పూ తోచలేదు. సంచుల మీద నా శాలువా కప్పాను. నేను అలిగితే ముసుగు పెడతానని ఈయనకి పెళ్ళయిన నెలలోనే తెలుసు కనుక పలకరించడు. తొట్టి తలుపు మూసే ఉంది, టాపర్ అద్దం మాత్రం ఎత్తి ఉంది. యాభై ఏడేళ్ళ మోకాళ్ళని బతిమాలుకుని, బంపరు మీద కాలేసి, లోపలికి దూకాను. దూకాననడం గొప్పకి. దొర్లాను. అద్దం కిందికి లాక్కున్నాను. నల్లద్దం. ఈయన వచ్చి బయటినుంచి పిడి తిప్పి, వెళ్ళి స్టీరింగు పట్టుకున్నాడు.

వీరన్న పెట్టె పక్కన, కెమెరా చూపు అందని మూల, గడ్డి మోపు ఒకటి ఉంటే దానికి ఆనుకుని కూర్చున్నాను. బండి కదిలింది. ఏం సుఖం తల్లీ! కుదుపు లేదు. కిటికీలోంచి చల్లగాలి. ఫ్యాను చప్పుడు జోలపాటలా ఉంది. గడ్డి వాసన కమ్మగా ఉంది. ఆ సుఖంలో నాకు నవ్వు రావలసింది పోయి ఏడుపు వచ్చింది. ఈయనకి చూసుకోవడం రాదని ఇన్నేళ్ళూ సరిపెట్టుకున్నాను. వచ్చు. ఎంత బాగా వచ్చో ఇక్కడ కూర్చుంటే తెలిసింది. అదే నన్ను ఏడిపించింది. వీరన్న పెట్టె చువ్వల్లోంచి మూతి పెట్టి నా మోచేయి నాకాడు.

పది నిమిషాలు గడిచాయేమో. నెత్తిమీద కెమెరా గరగరమంది, ఈయన గొంతు తేనెలా కారింది. "వీరన్నా, నాన్నా, చలిగా ఉందా? నీళ్ళు కావాలా? కాసేపట్లో ఆపుతాను, కాళ్ళు చాపుకుందువుగాని."

"నాకూ కావాలి నీళ్ళు," అన్నాను.

బండి ఒక్కసారి పక్కకి ఊగి సర్దుకుంది.

"రాధా? నువ్వా?"

"కాదు. మూడో కుక్కని."

అక్కడికెలా వెళ్ళావని, వెనక సీట్లో ఉన్నదెవరని ఏదేదో అడగబోయాడు. నేను ఆగలేదు. ఎదురుగా మొహం లేకపోతే మాట ఎంత సులువో అప్పుడే తెలిసింది. కెమెరా వైపు తలెత్తి చెప్పేశాను. "ముప్పై ఒక్కేళ్ళు మీ పక్క సీట్లో కూర్చున్నానండీ. నన్ను ఒక్కసారి అడిగారా ఆ మాట? ఏడో నెల కడుపుతో డెలావేర్‌లో ఆపమంటే టైమ్ అన్నారు. ఇవాళ బుజ్జికి చొంగ కారితే ఆపారు. అడిగితే దొరకనిది, చొంగ కారిస్తే దొరుకుతుందని నాకు ముందే చెప్పి ఉంటే కార్చేదాన్ని."

సిగ్నల్ టిక్కు టిక్కుమనడం వినిపించింది. బండి హైవే దిగి, ఏదో పెట్రోలు బంకు వెనక చెట్టు నీడలో ఆగింది.

అద్దం ఎత్తాడు. మొహం పాలిపోయి ఉంది. చేతిలో నీళ్ళ సీసా. మూత తీసి నాకిచ్చి, నేను తాగిందాకా నిలబడ్డాడు. తరవాత చొక్కా జేబులోంచి మడిచిన టిష్యూ కాగితం తీసి విప్పాడు. అందులో ఒక కరివేపాకు రెబ్బ.

"బుజ్జి పెట్టెలో దొరికింది," అన్నాడు.

తెలిసే నన్ను ఆ బల్ల మీద కూర్చోమన్నారా అని అడిగాను. పెట్టె నిజంగానే తడిగా ఉంది, కానీ కొంచెం కసి కూడా ఉందని ఒప్పుకున్నాడు. నలుగురు పెద్దమనుషుల్లో పరువు గల మనిషి, ముసలితనంలో ఇంత కంత్రీ అని నాకు తెలియదు. తగ్గకూడదని, పరీక్షకి వెళ్ళే పిల్లని పెరుగు పెట్టకుండా పంపుతారా అని గట్టిగానే దబాయించాను.

ఈయన తొట్టి తలుపు దించి, దాని అంచున నా పక్కన కూర్చున్నాడు. కింద చూస్తూ అన్నాడు.

"పెట్టావు, మంచిదే. నేనూ నాలుగున్నరకి లేచాను రాధా. కుక్కకి తాలింపు వేసి మరీ పెట్టావు. నన్ను కాఫీ తాగారా అని కూడా అడగలేదు."

నిజంగానే అడగలేదు. ఆ రోజనే కాదు, ఈ కుక్కలు వచ్చాక, కోపం కోపంలోనే, చాలా రోజులుగా అడగలేదు. ఆయన డెలావేర్‌లో బండి ఆపనిదానికి నేను రోజూ వంటింట్లో లెక్క తీర్చుకుంటున్నానని నాకే తెలియలేదు. సిగ్గేసింది. డబ్బా తెచ్చి మూత తీశాను. మిగిలిన పెరుగన్నం ఇద్దరం ఒకే స్పూనుతో తిన్నాం. ముందు సీటు అద్దంలోంచి బుజ్జి, పెట్టెలోంచి వీరన్న మమ్మల్ని కన్నార్పకుండా చూశాయి. ఎవ్వరికీ ఒక్క మెతుకు పెట్టలేదు.

పరీక్ష సంగతి అడుగుతారేమో. బుజ్జి పాసైంది. పిట్ట ఉన్న పొద ముందు కాలెత్తి బొమ్మలా నిలబడింది. ఆ తరవాత వచ్చి నా చేతిసంచి ముందు కూడా అలాగే నిలబడింది, లోపల ఖాళీ డబ్బా ఉంది మరి. జడ్జీ గారు పడీపడీ నవ్వి, ఇంట్లో దీనికి ఏం పెడతారని అడిగారు. ఖాళీ కడుపే దీని రహస్యం అని మా ఆయన ఇంగ్లీషులో గంభీరంగా చెప్పాడు. నేను ఆకాశం వైపు చూశాను.

తిరుగు ప్రయాణంలో నా సీటు నాకు వచ్చింది. కూర్చుని బెల్టు పెట్టుకుంటూ డాష్‌బోర్డు మీద జాబితా చూశాను. వీరన్న, బుజ్జి పేర్ల కింద నీలి ఇంకుతో కొత్త వరస: రాధ, రెండు గంటలకోసారి, అడక్కముందే.

ఆయన గడ్డి సర్దడానికి వెనక్కి వెళ్ళాడు. అద్దం దగ్గర పెన్ను ఉంది. దాని కింద నేనూ ఒక వరస రాశాను: శ్యామ్, గడప దాటేముందు పెరుగన్నం. కుక్కలకి వద్దు.