సమాధి మీది దీపం

జయానందం జిరాక్సు మిషను పక్క తలుపు తీసి, లోపల ఇరుక్కున్న కాగితాన్ని రెండు వేళ్లతో లాగాడు. సగమే చిరిగి వచ్చింది. మిగతా సగం కోసం మోచేతి దాకా చేయి పెట్టాడు. నల్లటి పొడి గోళ్లలోకీ అరచేతి గీతల్లోకీ ఎక్కింది. పెళ్లయిన కొత్తలో సుమన ఆ చేతులు చూసి, బొగ్గుల అడితిలో పని చేస్తున్నావా అని నవ్వేది. ఇప్పుడు నవ్వే మనిషి లేదు. అతను చేతులు రుద్ది కడగడమూ మానేశాడు.

బస్సులు తిరగడం లేదు. ఆఫీసులకు తాళాలు. సకల జనుల సమ్మె మొదలయ్యాక సర్టిఫికెట్ల కోసం దుకాణానికి వచ్చేవాళ్లు లేరు. గనుల్లో బొగ్గు ఆగిపోయి కరెంటు పొద్దున కాసేపు వచ్చి, మధ్యాహ్నం కాకముందే పోతోంది. ఆ కాసేపట్లో జయానందం ఒక పని ముగించాలి. ఒక ఆట. చివర ఏముందో చూసి, సర్కారు దవాఖానలో ఉన్న అస్గర్‌కు చెప్పాలి. ఇక ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు నిన్ననే అస్గర్ భార్య షకీలాతో అన్నాడు. అంతకుముందు రోజు అస్గర్ దుప్పట్లోంచి తల తీసి అడిగాడు: "జయా, గా తలుపెన్క ఏముంటుండెరా?"

ఏ తలుపో జయానందం అడగలేదు. ఇద్దరికీ తెలిసిన తలుపు ఒకటే.

దేశం తలుపులు తెరిచారని, కంప్యూటరు నేర్చినవాడి వెంట ఉద్యోగాలు పడతాయని అందరూ నమ్మిన రోజుల్లో మదన్ మోహన్ మెదక్‌లో కంప్యూటరు సెంటరు పెట్టాడు. హవేలిఘనపూర్ బడిలో చదివి, వేరే దారి దొరకని జయానందం అందులో పనికి కుదిరాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లేవారు. దసరాకు కంప్యూటర్లకు బొట్లు పెట్టి బంతిపూలు చుట్టేవారు. అస్గర్ అక్కడి స్టెబిలైజర్లు బాగు చేసేవాడు. సికింద్రాబాదు నుంచి తెచ్చిన ఒక పాత కంప్యూటరులో ఎవరో వదిలేసిన ఆట ఉంది. తెర మీద సగం బొమ్మ: అడవి, వాగు, పాడుబడ్డ కోట. కింద మిణుకుమనే గీత. అక్కడ ఇంగ్లీషులో ఏం చేయాలో రాస్తే బొమ్మలోని మనిషి అది చేస్తాడు. తెలియని మాట రాస్తే, నువ్వనేది నాకు అర్థం కాలేదని ఆట అంటుంది.

సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ఇద్దరూ కూర్చునేవారు. జయానందం వేళ్లు, అస్గర్ బుర్ర.

"గా చెట్టునడుగు."

"చెట్టు మాట్లాడ్తదా భాయ్?"

"మీ మదన్ మోహన్ సారుకన్న నయమే మాట్లాడ్తది. అడుగు."

వాగు దాటారు. పాముకు పాలు పోశారు. కోట తలుపు దగ్గర ఆగిపోయారు. తలుపు ముందు చింతచెట్టు లాంటి చెట్టు, దాని కింద ఒక సమాధి, సమాధి మీద వెలుగుతున్న దీపం. ఒకసారి జయానందం దీపం తీయమని రాయబోతే అస్గర్ మణికట్టు పట్టుకున్నాడు.

"పాగల్‌వా? కబర్ మీది దీపం ఎవడన్న ఎత్కపోతడా?"

జయానందానికీ అది న్యాయమే అనిపించింది. చర్చి తోటలో అతని తండ్రి సమాధి మీద ఈస్టరు తెల్లవారుజామున పెట్టిన కొవ్వొత్తి కరిగి రాయికి అంటుకునే దాకా ఎవరూ ముట్టరు. తలుపును తోశారు, తన్నారు, బతిమాలారు. సమాధికి దండం పెట్టమని కూడా రాశారు. అర్థం కాలేదంది ఆట. దీపం జోలికి మాత్రం పోలేదు. తర్వాత సెంటరు మూతపడింది. ఏ ఉద్యోగమూ ఎవరి వెంటా పడలేదు. సుమన జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. జయానందం ఒకరి దుకాణంలోంచి ఇంకొకరి దుకాణానికి మారుతూ, ఇతరుల పెళ్లిపత్రికలు కొడుతూ ముసలివాడవుతున్నాడు.

మొన్న ఇంటర్నెట్లో వెతికితే ఆట దొరికింది. ఎవరో దారి కూడా రాసి పెట్టారు. తలుపు తెరవాలంటే సమాధి మీది దీపం తీసుకోవాలి. అంతే.

సమ్మెలో ఉన్న రఘుపతి సారు కరపత్రం పట్టుకుని వచ్చి, తెర వంక చూశాడు.

"మేం జీతాల్లేక టెంటు కింద కూసుంటే నువ్వు ఆటలాడుతున్నవా జయానందం?"

"కరపత్రం అక్కడ పెట్టుండ్రి సారూ, కొడ్త."

"తెలంగాణ రానియ్, నీక్కూడ నౌకరి వస్తది."

"వస్తది. నా వయసు ఆగద్దా మరి?"

రఘుపతి నవ్వి వెళ్లిపోయాడు. జయానందం నవ్వలేదు. అడవి దాటి, వాగు దాటి చెట్టు కిందికి వచ్చాడు. వేళ్లు మీటల మీద ఆగుతాయనుకున్నాడు. ఆగలేదు. సుమన సమాధి మీద అతను కొవ్వొత్తి వెలిగించి ఏళ్లు గడిచాయి. మొదట దేవుడి మీద కోపంతో మానేశాడు, తర్వాత ఊరికే మానేశాడు. 'టేక్ ల్యాంప్' అని రాశాడు. బొమ్మలోని మనిషి వంగి దీపం తీసుకున్నాడు. చెట్టు కింద చీకటి పడింది. తలుపు తెరుచుకుంది.

లోపల రాజు కూర్చుని ఉన్నాడు. నువ్వు గెలిచావన్నాడు. తెర నల్లబడింది. ఇంకేమైనా వస్తుందేమోనని జయానందం చూశాడు. రాలేదు. మళ్లీ రాజు దాకా వెళ్లి, ఆ బొమ్మను కాగితం మీద ప్రింటు తీసుకుని, కరపత్రం కొట్టి, కరెంటు పోయాక షట్టరు దించాడు.

దవాఖానలో అస్గర్ ఒక వైపుకు ఒరిగి ఊపిరి తీస్తున్నాడు. ప్రతి ఊపిరికీ మెడ నరాలు లేస్తున్నాయి. షకీలా అట్టముక్కతో విసురుతోంది.

"జయానందం అన్న వచ్చిండు, సూడుండ్రి," అంది.

అస్గర్ కాగితం కళ్లకు దగ్గరగా పట్టుకున్నాడు. "గీ బక్కోడా రాజు?"

"గీడే."

"ఎట్ల తెరుచుకుంది?"

"దీపం తియ్యాలె. గదే దారి."

అస్గర్ కాగితం మీది రాజును వేలితో తడిమాడు. "రాసినోనికి సచ్చినోళ్లెవ్వరు లేరనుకుంట," అన్నాడు. తర్వాత కళ్లెత్తాడు. "నువ్వు తీసినవా?"

లేదంటే సరిపోయేది. దారి చదివాను, చేయలేదు అంటే నమ్మేవాడు. జయానందం అబద్ధం చెప్పడానికి కూడా బద్ధకించాడు.

"తీసిన."

"సుమన కాడికి పోతున్నవా ఎన్నడన్న?"

జయానందం కిటికీ వైపు చూశాడు. అస్గర్ కాగితాన్ని షకీలా చేతికిచ్చి, గోడవైపు తిరిగాడు.

"బత్తాయిలు తెస్త," అని జయానందం బయటికి నడిచాడు.

గేటు దగ్గర పండ్ల బండి లేదు. చర్చి రోడ్డు దాకా వెళ్లి దొరికినవి కొన్నాడు. తిరిగి వచ్చేసరికి షకీలా విసరడం ఆపేసింది. అట్టముక్క ఒళ్లో ఉంది. అస్గర్ ఇంకా గోడవైపే ఉన్నాడు. ఆమె దుప్పటి ముఖం మీదికి లాగింది.

"అటు దిక్కే మొకం బెట్టి పోయిండన్నా," అంది. "నీతోని ఏమన్న అన్నడా?"

"ఏమనలే."

మసీదు నుంచి మనుషులు వచ్చారు. మంచం ఖాళీ అయింది. జయానందం బత్తాయిల సంచి పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఉన్నట్టుండి కరెంటు వచ్చి, పైన ఫ్యాను కిర్రుమంటూ తిరగసాగింది. కిటికీ ఊచకు తగిలించిన అస్గర్ చొక్కా ఆ గాలికి ఊగింది. దాని జేబులో, మూత అరిగిపోయిన కరెంటు టెస్టరు.