వసారా హక్కు

శీలావతి చేపను బల్ల మీద పడుకోబెట్టి తోక వైపు నుంచి గీస్తోంది గంగారత్నం. పొలుసులు ఎగిరి ముంజేతులకు, చీర కుచ్చెళ్లకు, ముక్కుపుడకకు కూడా అంటుకుంటున్నాయి. బెజవాడ చేపల మార్కెట్లో ఆమెకు కొట్టు లేదు. ఎవరో కొన్న చేపను శుభ్రం చేసి ముక్కలు కొట్టివ్వడమే పని. మొగుడు చనిపోయిన ఏడాది పట్టిన కత్తి ఇంకా దించలేదు. కుడి బొటనవేలు పక్కకు వంగిపోయింది.

ఆ చేప కాగానే కత్తి కడిగి పక్క బల్ల సంపూర్ణమ్మకు అప్పజెప్పింది.

"ఊరెళ్లొస్తా వదినా. తమ్ముడు ఇంటి కాగితాలు రాయించుకుంటన్నాడు. సాయంత్రానికి వచ్చేస్తా."

నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంది. వాసన పోదని తెలుసు. ఆఫీసులో వేలిముద్ర వేయాలి కదా అని రుద్దుకుంది.

కైకలూరు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. కంకిపాడు దాటేదాకా కునుకు తీసింది. గుడివాడ దాటాక చేలు పోయి చేపల చెరువులు మొదలయ్యాయి. ఆ నీళ్లను చూస్తుంటే ఆమెకు మావయ్యే గుర్తొచ్చాడు.

నాన్న పడవ కొల్లేట్లో తిరగబడ్డప్పుడు తమ్ముడు నాగబాబు ఇంకా అమ్మ కడుపులో ఉన్నాడు. కర్మలకని వచ్చిన అమ్మ తమ్ముడు వెంకటప్పయ్య ఆ ఇంటి వసారాలో చాప పరుచుకున్నాడు. మళ్లీ వెళ్లలేదు. వల వేశాడు, చెరువులకు కాపలా కాశాడు, ఇద్దరు పిల్లల కడుపులూ నింపాడు. గంగారత్నం ఈడేరాక, మేనమామవే కదా, చేసుకోరా అంది అమ్మ. "భుజాల మీద మోసిన పిల్లక్కా, ఎట్టా చేసుకోను?" అన్నాడు. తనే సంబంధం వెతికి బెజవాడ పంపాడు. తన పెళ్లి మాట మాత్రం ఎవరినీ ఎత్తనివ్వలేదు.

ఇప్పుడు అమ్మ లేదు. ఇల్లు ఇంకా నాన్న పేరునే ఉంది. హక్కుదార్లు అక్కా తమ్ముడూ ఇద్దరే. వెంకటప్పయ్య పేరు ఏ కాగితంలోనూ లేదు.

ఇంటికి చేరేసరికి ఆయన వసారాలోనే ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. కళ్లకు పొర కమ్మింది. అడుగుల చప్పుడును బట్టే మేనకోడలిని పోల్చుకున్నాడు.

"ఇవాళతో అయిపోద్దా అమ్మాయ్?"

"అయిపోద్ది మావయ్యా. అంతా తేలిపోద్ది."

అసలు సంగతి నోటిదాకా వచ్చింది. తమ్ముడు ఒప్పుకోకపోతే? కాగితం చేతికొచ్చాకే చెప్దామని మింగేసింది. ఆయన తలాడించాడు.

"మంచిదే. తేలిపోవాలి."

రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట రేకుల పంచలో దస్తావేజులు రాసే శౌరయ్య చదివి వినిపించాడు. అక్క తన సగం తమ్ముడికి వదులుకుంటోంది.

"ఇంకో మాట రాయండి. వసారా, దాని పక్క గదీ మా మావయ్య బతికున్నన్నాళ్లూ ఆయనవే. లెమ్మనే హక్కు ఎవరికీ లేదు," అంది గంగారత్నం.

నాగబాబు మొహం మాడిపోయింది. "నేను మావయ్యని గెంటేస్తాననుకున్నావా అక్కా?"

"నువ్వు గెంటవురా. రేపు నీ చేపల చెరువు దెబ్బతిని, అప్పులకి ఇల్లు ఇంకోళ్ల చేతికి పోయిందనుకో, వాళ్లకి మావయ్య ఏమవుతాడు?"

"నన్ను పెంచలేదా ఆయన?"

"అందుకే రాయమంటన్నా."

అతను లేచి వెళ్లి బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తిరిగొచ్చి అక్క వంక చూడకుండా "రాయండి శౌరయ్యగారూ" అన్నాడు.

లోపల మిషను ఆమె వేలిముద్ర తీసుకోలేదు. కత్తీ నీళ్లూ కలిసి గీతలన్నీ తినేశాయి. కొంగుతో తుడిచి తుడిచి నొక్కితే ఎప్పటికో పడింది.

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. ఎన్నడూ లేనిది, బండి మీద వెనక కూర్చుని తమ్ముడి భుజం పట్టుకోవడానికి మొహమాటపడింది ఆమె. అయినా లోపల ఒక సంతోషం కదులుతూనే ఉంది. మావయ్యకు ఎట్లా చెప్పాలో మాటలు పేర్చుకుంటోంది.

ఇంటి ముందు జనం ఉన్నారు. నాగబాబు భార్య హేమ ఏడుస్తూ ఎదురొచ్చింది.

"స్తంభానికి ఆనుకుని నిద్రపోతున్నాడనుకున్నా వదినా. కాఫీ తెచ్చి లేపితే..."

వెంకటప్పయ్యను చాప మీద పడుకోబెట్టారు. ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు. తల తడిపి దువ్వుకున్నాడు. ఊరి డాక్టరు అప్పటికే చూసి వెళ్లిపోయాడు. గంగారత్నం పక్కన కూలబడి చల్లబడ్డ చెవి దగ్గరకు వంగింది.

"వసారా నీదే మావయ్యా. రాయించేశా. ఎవ్వరూ నిన్ను లెమ్మనరు."

నాగబాబు ఆయన పాదాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గంగారత్నం తమ్ముడి వీపు మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని తోసెయ్యలేదు.

కాసేపటికి తలెత్తి అడిగింది. "ఉతికిన చొక్కా ఎందుకేసుకున్నాడు హేమా?"

హేమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరటు వెళ్లగానే స్నానం చేశాడు. ఎక్కడికండీ అంటే, 'ఇల్లు తేలిపోద్దిగా అమ్మా. నన్ను లెమ్మనడానికి పిల్లలిద్దరూ మొహమాటపడతారు. నేనే బయల్దేరి ఉంటే వాళ్లకా బాధ ఉండదు' అన్నాడు. అదేం మాటండీ అని కేకలేశాను కూడా. నవ్వి ఊరుకున్నాడు."

గంగారత్నం స్తంభం వైపు చూసింది. దానికి ఆనించి చేపల మేత సంచి ఒకటి ఉంది. లోపల బట్టలు నింపి, దారిలో ఊడిపోకుండా మూతిని వలతాడుతో బిగించి కట్టి ఉంది.