గడుల మీది బొట్లు

మొగడు పెండ్లి బరాత్‌ల వాయించి తెచ్చిన సామానంతా తుడిచి పెట్టుడు గంగామణి పనే. సౌండు డబ్బాల మీది గులాలు, వైర్లకంటిన పసుపు, కీబోర్డు సందుల్లో ఇరికిన తలంబాల బియ్యం. బీడీల చాట పక్కకు జరిపి పాత చీర పేలికతో తుడుస్తుంటే వాకిట్లకెల్లి నర్సింలు కేకేసిండు.

"ఏమే, దానికి తడిబట్ట పెట్టకు. బోళ్లు తోముడు కాదది."

అది అంటే కొత్తగా ఇంటికొచ్చిన వాయించే పలక. బోధన్‌ల సౌండు సామాన్లమ్మే మజహర్ కాడ ఎవరో వాడి విడిచినదాన్ని తెచ్చిండు. దానికి నల్లమెట్లు లేవు, తెల్లమెట్లు లేవు. అన్నీ ఒకే తీరు రబ్బరు గడులు, వరుస మీద వరుస. వేలు పెడితే వెలుగుతయి. లాప్‌టాప్‌కు తగిలిస్తే షెహనాయి అంటే షెహనాయి, పిల్లనగ్రోవి అంటే పిల్లనగ్రోవి. కీబోర్డు మీద చెయ్యి తిరిగిన నర్సింలుకు ఇది కొరుకుడు పడలేదు. "ఇది వాయించేదా, పచ్చీసాడేదా?" అని మూలకు పెట్టిండు.

ఆ రోజు లాప్‌టాప్ వైరు ఊడదియ్యలేదేమో, బట్ట కింద గడి పలికింది. గంగామణి ఉలిక్కిపడి చెయ్యి తీసింది. తునికాకు చుట్టి చుట్టి ఆమె వేళ్ల గీతలు ఏనాడో అరిగిపోయినయి. రేషన్ దుకాణంల మిషన్ మీద బొటనవేలు పెడితే ఎర్రలైటే వస్తది. "మిషన్‌కే ఆనని వేళ్లు మనిషికేం ఆనుతయే" అని అత్త సాయవ్వ నలుగురిల నవ్వింది కూడా. ఈ పలక మాత్రం గీతలడగలేదు. ఎంత నొక్కితే అంత పలికింది. వేలు జరిపితే స్వరం వేలెంబడే జారింది.

పుట్టినూరు వేల్పూర్‌ల ఆమె బాపు భోజన్న భజనకు హార్మోనియం వాయించెటోడు. పక్కన కూసుండి ఆమె నేర్చింది. పాడబోతే మొగోళ్లందరిదీ ఒకటే మాట: "పొల్లా, గంత పైకి పోకు, మా శ్రుతికి దిగు." శ్రుతి మారిస్తే మెట్ల మీద వేళ్లన్నీ మళ్లా కొత్తగా నేర్వాలె బిడ్డా, నీ ఒక్కదాని కోసం ఎవరు నేరుస్తరనెటోడు బాపు. దిగింది. పెండ్లయి బోధన్‌కొచ్చినంక అత్తింటి శ్రుతికి దిగింది. లేసే వేళ, కూరల కారం, ఎంత నవ్వాల్నో అంత నవ్వుడు... ఒక్కొక్క వేలూ కొత్తగా నేర్చింది.

ఇప్పుడు బాపు పాటను గడులల్ల దేవులాడింది. ఇది స. ఒక గడి విడిచి పక్కది రి. స నెత్తి మీది గడి మ. దేవులాడంగ దేవులాడంగ పాట ముగ్గు లెక్క చేతికొచ్చింది. చెయ్యి కొంచెం పక్కకు జరిపి అదే ముగ్గు వేసింది. అదే పాట, పైశ్రుతిల. ఇంకింత జరిపింది. మళ్లా అదే. ఏడికి పోయినా వేళ్లు మారలేదు. గంగామణికి ఎందుకో ఏడుపొచ్చింది. జాగ మారినా తీరు మారకుండ ఉండొచ్చని ఆమెకు ఇన్నేండ్లల్ల ఎవరూ చెప్పలేదు.

అట్లే జరుపుకుంట జరుపుకుంట తన గొంతు కుదురుకునే గడి కాడ ఆగింది. ఇదా నా స? నోరు తెరిచింది. తంబాకు దుమ్ము తిన్న గొంతు ఎండిన ఆకు లెక్క చినిగింది. దగ్గు తెర మీద తెర. గొంతు పోయినంక దాని జాగ దొరికింది.

పాట విని లోపలికొచ్చిన నర్సింలు మెచ్చుకోలేదు. "నాకు గుర్తులు పెట్టు" అన్నడు. గంగామణి తన బొట్టుబిళ్లలు తీసి, ఆయనకు అలవాటైన శ్రుతిల పాట గడుల మీద ఒక్కొక్కటి అంటించింది. బొట్ల మీద వేళ్లు పెట్టుకుంట నేర్చుకున్నడు. పెండ్లిళ్లల్ల పేరొచ్చింది. "నా కొడుకు వేళ్లల్ల సరస్వతి ఉన్నది" అని సాయవ్వ వాడకట్టంత చెప్పుకున్నది. ఆ మాటలు వినుకుంట గంగామణి బీడీలు చుట్టింది.

ఒకనాడు వర్ని ఊళ్లె పెండ్లికి పోయిన నర్సింలు మొఖం మాడ్చుకొని వచ్చిండు.

"బొట్లు తప్పు పెట్టి నా ఇజ్జత్ తీసినవ్. పాడేటందుకు వచ్చిన పిల్ల, అన్నా గీ శ్రుతి నాకు ఆనదు, పైకి పెట్టు అన్నది. కీబోర్డయితే శ్రుతి పెంచే బటన్ నొక్కుదును. దీంట్ల బొట్లు విడిచి ఎటు పోవాలె?"

"మరి ఆ పిల్ల దిగిందా?"

"యాడ దిగుతది! మైకు కింద పెట్టి పోయింది. గీ కాలం పొల్లలు!"

గంగామణి చేతిల బీడీ ఆగింది. దిగలేదా? దిగకుండ కూడా ఉండొచ్చా?

"బొట్లు మంచిగనే ఉన్నయి" అన్నది. "చెయ్యి జరుపాలె."

"నేనెందుకు జరుపాలె? ఆమె దిగాలె గని."

గంగామణి లేచి పలక ముందట కూసున్నది. బొట్లు ఒక్కొక్కటి పీకుడు మొదలుపెట్టింది.

"ఓ యవ్వో! మొగడు ఎదురుంగ ఉండంగ బొట్లు పీకుడేందే?" సాయవ్వ గుండె మీద చెయ్యేసుకున్నది.

ఆఖరి బొట్టును గంగామణి పారెయ్యలేదు. ఆనాడు తను ఆగిన గడి మీద అంటించింది.

"ఒక్కటేంది?" అన్నడు నర్సింలు.

"నా స. నేర్చుకునుడుంటే గీడికెల్లి నేర్చుకో."

గడి నొక్కింది. వెలిగింది. నోరు తెరిచింది. గొంతు మళ్లా చినిగింది.

దిగలేదు.